మీకు తెలుసా? అటక మీది వీడియో గేమ్, గోడ మీది 4కె టీవీ!

ఆదోని, ఎమ్మిగనూరు ఇళ్ళల్లో డబ్బా టీవీలు పోయి గోడంత టీవీలు వచ్చేశాయి. మీ అటక మీద పాత వీడియో గేమ్ ఇంకా ఉందా? దాన్ని దించి దుమ్ము దులిపి కొత్త టీవీకి తగిలించేలోపు ఈ వింతలు చదవండి!

● ఒక్క 4కె తెర మీద పాత మారియో ఆట తెరలు ఎన్ని పరచవచ్చో చెప్పండి చూద్దాం? సరిగ్గా 135! పాత ఆట తెర అడ్డంగా 256 చుక్కలు, నిలువుగా 240. 4కె తెర 3,840, 2,160. అంటే వరసకు 15 చొప్పున 9 వరసలు. ఒక్క చుక్క మిగలదు, ఒక్క చుక్క తగ్గదు!

● అంతకన్నా చిత్రం, ఈ లెక్కలో 4కె కన్నా చిన్నదైన ఫుల్ హెచ్‌డీ టీవీయే పేచీ పెడుతుంది! 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. గళ్ళ కాగితం మీద బుటా గీసి, ఒక్కో గడికి తొమ్మిదేసి పోగులంటే నేతన్న చక్కగా నేస్తాడు. నాలుగున్నర పోగులు వెయ్యమంటే? 4కెలో 2,160ని 240తో భాగిస్తే 9 వస్తుంది, ఫుల్ హెచ్‌డీలో 1,080ని భాగిస్తే నాలుగున్నరే వస్తుంది! ఆ అర గీత దగ్గరే అంచులు మసకబారేది, బొమ్మ కదిలినప్పుడల్లా అలలాడేది.

● ‘సూపర్ మారియో బ్రదర్స్’ ఆట మొత్తం 40 కేబీ! మీ ఫోన్‌తో తీసిన ఫొటో ఒకటి 2 ఎంబీ ఉందనుకుంటే, అందులో 51 మారియో ఆటలు పడతాయి. ఆ పొదుపు కోసం చేసిన గమ్మత్తు చూడండి: ఆటలో కనబడే మేఘం, పొద ఒకే బొమ్మ! తెల్లరంగు వేస్తే మేఘం, ఆకుపచ్చ వేస్తే పొద.

● మారియో ఆటను ఆడించే ఆ పెట్టె జపాన్‌లో 1983లో పుట్టింది. నేటి టీవీల హెచ్‌డీఎంఐ 2002లో పుట్టింది. మధ్యలో 19 ఏళ్ళు. హెచ్‌డీఎంఐ ప్లగ్గులో పిన్నులెన్నో తెలుసా? 19!

● పాత ఆట పెట్టె పసుపు పిన్ను పట్టే సాకెట్ కొత్త టీవీలో కనబడలేదా? చాలా టీవీల్లో అది ఆకుపచ్చ సాకెట్‌లోనే కలిసిపోయి ఉంటుంది. గుచ్చాక బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తే కంగారు పడకండి, ఆట చెడిపోలేదు! టీవీ ‘కాంపొనెంట్’లో ఉంది, మెనూలో ‘ఏవీ’కి మార్చండి, రంగులు వచ్చేస్తాయి.

● డబ్బా టీవీలో సన్నగా ఉన్న మారియో కొత్త టీవీలో మూడో వంతు లావెక్కిపోతాడు! 4:3 బొమ్మను టీవీ 16:9కి సాగదీస్తుంది కాబట్టి, రిమోట్‌లో 4:3 పెట్టండి, పాపం మళ్ళీ చిక్కుతాడు.

● 1995లో మన దేశంలో సెగా మెగా డ్రైవ్ అనే ఆట పెట్టె ధర అక్షరాలా 18,000 రూపాయలు! షా వాలెస్ కంపెనీ అమ్మింది. నేరుగా దిగుమతి చేస్తే 80 శాతం సుంకం పడే రోజులవి.

● పిన్ను మంచిదైతే బొమ్మ చెడుతుందంటే నమ్ముతారా? 1991 నాటి ‘సోనిక్’ ఆటలో జలపాతం నిజానికి ఉత్త నిలువు చారలు! పసుపు తీగలో రంగు, వెలుగు కలిసి ప్రయాణిస్తాయి కాబట్టి ఆ చారలు కరిగిపోయి, నీటి వెనక కొండ లీలగా కనబడేది. రంగులను విడివిడిగా మోసే శుభ్రమైన ఆర్‌జీబీ కేబుల్ పెట్టారా, చారలు చారలుగానే కనబడతాయి. ఆ మసకను బొమ్మలు గీసేవాళ్ళు రంగుగా వాడుకున్నారన్నమాట! ఎంత ముచ్చటైన తెలివి!

● బాతుల ఆట తుపాకీలోంచి టీవీకి ఏం వెళ్తుంది? ఏమీ వెళ్ళదు, వెలుగే తుపాకీలోకి వస్తుంది! ట్రిగ్గర్ నొక్కగానే తెర రెప్పపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లగడి మెరుస్తుంది. సెకనుకు 15,625 గీతలు గీసే మన డబ్బా టీవీలో ఆ మెరుపు టంచనుగా పడేది. కొత్త టీవీలో బొమ్మ ఆలస్యంగా వస్తుంది. ఎంత గురిపెట్టినా బాతు చావదు!

● జపాన్ పిల్లాడు 60 నిమిషాల్లో ముగించిన ఆట, మన టీవీల ‘పాల్’ పద్ధతి పెట్టెలో ఆడితే 72 నిమిషాలు పట్టవచ్చు! అక్కడ సెకనుకు దాదాపు 60 బొమ్మలు, ఇక్కడ 50. దాంతో మారియో పరుగూ, పాటా రెండూ నెమ్మదిస్తాయి.

● పాత పెట్టె పంపే 240 గీతల బొమ్మను చాలా కొత్త టీవీలు సగం బొమ్మ అనుకుని, పక్క బొమ్మతో అతికించేస్తాయి. ఆ పొరపాటును తప్పించడానికి ఫిన్లాండ్‌కు చెందిన మార్కస్ హీయెన్కారి ‘ఓఎస్‌ఎస్‌సీ’ అనే చిన్న పెట్టె తయారుచేసి, దాని నమూనా అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు! వచ్చిన ప్రతి గీతనూ అప్పటికప్పుడే రెండు, మూడు, నాలుగు, అయిదు రెట్లు చేసి హెచ్‌డీఎంఐకి పంపుతుంది. మొత్తం బొమ్మ వచ్చేదాకా ఆగదు గనక ఆలస్యం కంటికి తెలియదు. పసుపు పిన్ను మాత్రం దీనికి సరిపడదు, ఆర్‌జీబీయో కాంపొనెంటో కావాలి.

● ప్లేస్టేషన్ 2లో హనుమంతుడు దూకింది మన హైదరాబాద్ నుంచే! 2009లో వచ్చిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ను అక్కడి ఆరోనా టెక్నాలజీస్ తయారుచేసింది, బిళ్ళంగోడు, కబడ్డీ ఉన్న ‘దేశీ అడ్డా’ కూడా హైదరాబాదీ గేమ్‌శాస్త్రదే. ఈ రెండూ కొత్త టీవీలో మెరవాలంటే అయిదు పిన్నుల కాంపొనెంట్ కేబుల్ కొనండి. అయితే కేబుల్ మార్చకముందే ప్లేస్టేషన్ మెనూలో ‘కాంపొనెంట్ వీడియో అవుట్’ను ఆర్‌జీబీ నుంచి మార్చేయాలి సుమా, లేదంటే రంగులన్నీ తారుమారు!

● ‘99,99,999 ఆటలు’ అని రాసిన క్యాసెట్ గుర్తుందా? నిజంగా అన్ని ఉంటే, నిమిషానికొకటి చొప్పున తిండీ నిద్రా మాని ఆడినా 19 ఏళ్ళు పట్టేది! ఉన్నవి కొన్నే, అవే మళ్ళీ మళ్ళీ.

● తెర మీద గజిబిజి గీతలు వస్తే క్యాసెట్‌లోకి ఉఫ్‌మని ఊదేవాళ్ళం కదూ? అది మందు కాదు, నోటి తడితో పిన్నులు తుప్పు పడతాయి! మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది ముంచి తుడిచి, బాగా ఆరాక పెట్టండి. ఆదోనిలో దూదికి కరువా!