లెక్కలో ఎనభై మంది, కోర్టులో ఎవరూ లేరు

ఫ్యాక్టరీ పక్క ఊళ్లో ఒకే ఏడాది ఆరుగురికి కేన్సర్ బయటపడితే ఊరంతా పొగగొట్టం వైపే వేలు చూపిస్తుంది. అనుమానం సహజమే, నిజమూ కావచ్చు. కానీ ఆరు అన్న అంకె ఒక్కటే దేన్నీ రుజువు చేయదు. మన దేశంలో ఏటా లక్షమందిలో సుమారు వందమందికి కొత్తగా కేన్సర్ బయటపడుతోందని అంచనా. ఆ లెక్కన మూడు వేల జనాభా ఉన్న ఊరికి సగటున ఏడాదికి మూడు. గుప్పెడు విత్తనాలు చల్లితే ఒకచోట గుత్తిగా, మరోచోట పలచగా పడతాయి కదా, ఈ మూడూ అంతే. ఏ కాలుష్యమూ లేకపోయినా, అలాంటి వంద ఊళ్లలో ఏ ఏడాదైనా ఎనిమిదింటిలో ఆరు గానీ అంతకన్నా ఎక్కువ గానీ కనిపించడం మామూలే.

జిల్లా స్థాయికి వెళ్తే అంకెలు కొంత నిలకడగా ఉంటాయి. అక్కడ చిక్కు వేరు. 2020లో వెలువడిన జాతీయ కేన్సర్ రిజిస్ట్రీ నివేదికలో మగవారి రేటు అన్నిటికన్నా ఎక్కువగా తేలింది మిజోరంలోని ఐజ్వాల్ జిల్లాలో: లక్షకు 269.4. అన్నిటికన్నా తక్కువ మహారాష్ట్రలోని ఉస్మానాబాద్, బీడ్ ప్రాంతంలో: 39.5. వయసు తేడాలు సరిచేశాక కూడా ఇంత అంతరం! ఐజ్వాల్ కొండల మీద పెద్ద రసాయన కర్మాగారాలేమీ లేవు. పొగాకు వాడకం మాత్రం విపరీతం. ఇక తక్కువ రేటు చూసి సంబరపడటానికీ లేదు. పరీక్షలు అందని చోట కేన్సర్ పేరు లేకుండానే మనుషులు పోతారు. కాబట్టి రేట్ల పటంలో ఎర్రగా కనిపించిన ప్రతి చోటా నేరం జరిగిందనీ, లేతరంగున్న చోట అంతా క్షేమమనీ అనుకోకూడదు.

సరే, లెక్క గట్టిగానే తేలిందనుకుందాం. నిజమైన ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. ఒక ప్రాంతంలో మామూలుగా వంద కేసులు రావాల్సి ఉండగా, కలుషితమైన నీరు తాగినందువల్ల 180 వచ్చాయి. అంటే ఎనభై మంది జబ్బుకు ఆ నీరే కారణం. అయితే ఆ ఎనభై మంది ఎవరు? కణితి మీద ఫ్యాక్టరీ ముద్ర ఉండదు. 180 మందిలో ఎవరిని తీసుకున్నా, ఆ జబ్బు నీటివల్లే వచ్చి ఉండే అవకాశం 44 శాతమే. సివిల్ దావాలో ‘కాదు అనేదానికన్నా అవును అనేదానికే ఎక్కువ అవకాశం’ ఉందని చూపించాలి, అంటే సగానికి పైగా. ఒక్కొక్కరుగా కోర్టుకెళితే 180 మందీ ఓడిపోవచ్చు. లెక్కలో ఉన్న ఎనభై మంది బాధితులు తీర్పులో మాయమవుతారు. శాస్త్రం జనసమూహం గురించి మాట్లాడుతుంది, న్యాయస్థానం ఒక మనిషి గురించి అడుగుతుంది. కాలుష్య కేసులు ఏళ్ల తరబడి నలిగేది ఈ రెంటి మధ్యనే.

అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని పార్కర్స్‌బర్గ్‌లో ఈ చిక్కుకు ఒక దారి దొరికింది. అక్కడి డ్యూపాంట్ కర్మాగారం టెఫ్లాన్ తయారీలో 1951 నుంచి సి-8 అనే రసాయనం వాడింది. శాస్త్రీయ నామం పర్‌ఫ్లోరో ఆక్టనోయిక్ ఆమ్లం. అది ప్రకృతిలో విరిగిపోదు, ఒంట్లో చేరితే ఏళ్లు పడుతుంది పోవడానికి. తన పశువులు వరసగా చచ్చిపోతున్నాయని న్యాయవాది రాబర్ట్ బిలాట్‌కు 1998లో ఒక రైతు ఫోన్ చేశాడు. విచిత్రమేమిటంటే బిలాట్ అప్పటిదాకా రసాయన కంపెనీల పక్షానే పనిచేసినవాడు. కోర్టు ద్వారా రాబట్టిన లక్షకు పైగా పేజీల కాగితాల్లో, ఈ రసాయనం హాని గురించి కంపెనీకి చాలాకాలంగా తెలుసని బయటపడింది. 2001లో, తాగునీటిలో ఆ రసాయనం కలిసిన ఊళ్లన్నిటి తరఫున ఉమ్మడి దావా పడింది.

నా దృష్టిలో అసలు తెలివైన పని ఆ దావాలో 2004లో కుదిరిన ఒప్పందంలో జరిగింది. డబ్బు పంచేసి చేతులు దులుపుకోకుండా, ఆ సొమ్ములో పెద్ద భాగాన్ని జనం ఆరోగ్యాన్ని లెక్కించడానికి పెట్టారు. రక్తం ఇచ్చి, ప్రశ్నలకు జవాబులు చెప్పినవారికి 400 డాలర్లు. ఏడాదిలో సుమారు 69,000 మంది ముందుకొచ్చారు. వారి రక్తంలో సి-8 మధ్యస్థ స్థాయి మిల్లీలీటరుకు 28 నానోగ్రాములు. దేశంలో అప్పటి మామూలు స్థాయి నాలుగు. ఇరుపక్షాలూ ఒప్పుకున్న ముగ్గురు వ్యాధి గణాంక నిపుణులు ఏడేళ్లు పరిశోధించి, 2012 నాటికి ఆరు జబ్బులకు సంబంధం ఉండే అవకాశముందని తేల్చారు: మూత్రపిండాల కేన్సర్, వృషణాల కేన్సర్, థైరాయిడ్ వ్యాధి, పెద్దపేగు పూత, గర్భిణుల్లో రక్తపోటు, అధిక కొలెస్ట్రాల్. పరిశీలించిన మిగతా జబ్బుల మీద దావా వేసే హక్కు జనం వదులుకున్నారు. ఈ ఆరింటిని ఆ రసాయనం కలిగించగలదా అన్న వాదన మళ్లీ లేవనెత్తనని కంపెనీ ఒప్పుకుంది. ఫలానా మనిషికి దానివల్లే వచ్చిందా అన్నదొక్కటే వాదనకు మిగిలింది. 2017లో సుమారు 3,550 కేసులు 67 కోట్ల డాలర్లకు పరిష్కారమయ్యాయి. 2023లో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ ఈ రసాయనాన్ని మనుషుల్లో కేన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

మన దగ్గర చట్టం బలహీనమేమీ కాదు. ఢిల్లీ ఓలియం వాయువు లీకు కేసులో సుప్రీంకోర్టు 1986లోనే సంపూర్ణ బాధ్యత సూత్రం చెప్పింది: ప్రమాదకర పరిశ్రమ నడిపేవాడు ఎంత జాగ్రత్త పడినా, హాని జరిగితే పరిహారం ఇవ్వాల్సిందే. 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం కూడా నిర్లక్ష్యం నిరూపించనక్కర్లేకుండానే పరిహారానికి వీలిచ్చింది. తెలుగు రాష్ట్రాలు చెన్నై బెంచ్ కిందికి వస్తాయి. కానీ తప్పు నిరూపించనక్కర్లేదంటే కారణం నిరూపించనక్కర్లేదని కాదు. పైగా పరిహారం అడిగే హేతువు మొదట తలెత్తిన ఐదేళ్లలోపు దరఖాస్తు చేయాలి. కేన్సర్ పైకి తేలడానికి ఇరవై ముప్పై ఏళ్లు పట్టవచ్చు. ఆ ఐదేళ్లు ఎప్పటి నుంచి లెక్కించాలన్నదే ఒక పెద్ద వాదన అవుతుంది.

లోటంతా లెక్కలో ఉంది. హైదరాబాద్ శివారు పారిశ్రామిక వాడ పటాన్‌చెరు కాలుష్యం 1990లోనే సుప్రీంకోర్టుకెక్కింది. మందుల కంపెనీల వ్యర్థ జలాలను శుద్ధి చేసే అక్కడి కేంద్రం నుంచి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. నీటి సంగతి ప్రపంచమంతటికీ తెలిసింది. చుట్టుపక్కల జనం జబ్బుల సంగతో? హైదరాబాద్ కేన్సర్ రిజిస్ట్రీ హైదరాబాద్ జిల్లాది, పటాన్‌చెరు ఉన్నది సంగారెడ్డిలో. జనాభా ప్రాతిపదికన కేన్సర్ నమోదు జరుగుతున్న ప్రాంతాల్లో దేశ జనాభాలో ఐదో వంతు కూడా లేరు. మామూలుగా ఎన్ని రావాలో తెలియని చోట ఎన్ని ఎక్కువ వచ్చాయో ఏ నిపుణుడూ చెప్పలేడు. పారిశ్రామిక వాడ పెట్టే ప్రతి జిల్లాలో ముందు రిజిస్ట్రీ తెరవాలి. అనుమతి పత్రాల్లో ఇదొక షరతు కావాలి.

ఈలోగా బాధిత కుటుంబాలు చేయగలిగింది కొంత ఉంది. బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జి కాగితాలు, ఆ ఇంట్లో ఎన్నేళ్లుగా ఉన్నారో చెప్పే ఆధారాలు, ఏ బోరు నీళ్లు తాగారో, నీటి పరీక్ష ఎప్పుడు జరిగిందో, అన్నీ ఒకచోట దాచాలి. ఒక్కరుగా కాకుండా ఊరిగా కదలాలి. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, పారిశ్రామిక విపత్తు బాధితులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు.