చార్లీ వచ్చింది... సెలవులు అయిపోయాయి!

2022 జూన్‌లో '777 చార్లీ' రిలీజయినప్పుడు మా మేనల్లుడు రెండుసార్లు చూశాడు. రెండోసారి నన్నూ లాక్కెళ్లాడు. ఇంటర్వెల్‌లో "మావయ్యా! దసరా సెలవులకి నాకో లాబ్రడార్ కొనిపెట్టవూ?" అన్నాడు. రక్షిత్ శెట్టి నటనకి కరిగిపోయి ఉన్నానేమో, సరేననేశాను. ఆ తొందరపాటు ఖరీదు తర్వాత తెలిసింది లెండి!

దసరాకి పిల్ల వచ్చింది. అమ్మినాయన రెండు నెలలన్నాడు గానీ చూస్తే నెల్లాళ్ల పిల్లలా ఉంది. (ఎనిమిది వారాలు నిండందే అమ్మకూడదని 2017 నుంచి మన దేశంలో రూలుంది. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు!) ఇంటినిండా చుట్టాలు. పొద్దున ఒకరి ఒళ్లో, మధ్యాహ్నం మరొకరి ఒళ్లో... సెల్ఫీలే సెల్ఫీలు! ఆ వయసు పిల్ల రోజులో ముప్పాతిక వంతు నిద్రపోవాలట. మావాళ్లు కన్ను మూయనిస్తేగా! ఓ పిన్నిగారైతే పాయసంలో కిస్‌మిస్ ఏరి పెట్టబోయింది. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకి విషమని నాకూ తెలీదు. అక్క అడ్డుపడబట్టి సరిపోయింది.

సెలవులయ్యాయి. చుట్టాలు రైలెక్కారు. వీడు స్కూలుకి, అక్కా బావా ఆఫీసులకి. పదిమంది చేతుల్లో తిరిగిన పిల్ల తాళం వేసిన ఇంట్లో ఒంటరిదైపోయింది. "రోజంతా ఒకటే ఏడుపండీ" అంది పక్కింటావిడ. మూడు వారాలు తిరక్కుండానే దీపావళి! మొదటి లక్ష్మీబాంబుకి మంచం కింద దూరిన పిల్ల తెల్లారేదాకా బయటికి రాలేదు. మర్నాడు వాంతులు, నెత్తురు విరేచనాలు.

పార్వో!

"టీకాలు వేయించారా?" అన్నారు డాక్టరుగారు. మేం మొహమొహాలు చూసుకున్నాం. ఆరెనిమిది వారాలప్పుడు మొదటిది, ఆపైన మూడు నాలుగు వారాలకొకటి చొప్పున, పదహారు వారాలు వచ్చేదాకా వేయించాలట. ఐదు రోజులు సెలైన్. మావాడు అన్నం ముట్టలేదు. అదృష్టం బాగుండి బతికింది.

తెరమీద చూసి కుక్కని కొనడం మాతోనే మొదలవలేదు. 1996లో '101 డాల్మేషియన్స్' చూసి అమెరికాలో పిల్లలంతా మచ్చల కుక్కకి మారాం చేశారు. మోజు తీరాక చాలా కుక్కలు షెల్టర్ల పాలయ్యాయి. మన దగ్గర 2003 నాటి హచ్ ప్రకటన తర్వాత అందరికీ పగ్ కావాల్సొచ్చింది. పొట్టి ముక్కు పాపం, మన ఎండలకి ఊపిరాడదు. తమాషా ఏమిటంటే, కుక్కల్ని ఈనించి అమ్ముకునేవాళ్ల ఘోరాలు 'చార్లీ'లోనే చూపించారు. మేమే చూసీ చూడనట్టున్నాం!

అయితే సెలవుల్లో తెచ్చుకోనే కూడదా అంటారా? చుట్టాలు రాని, ఊరెళ్లని, టపాకాయలు పేలని సెలవులైతే నిక్షేపంగా తెచ్చుకోండి. కానీ స్కూళ్లు తెరిచాక పగలు ఇంట్లో ఎవరుంటారో ముందే తేల్చుకోండి. వచ్చిన రెండో రోజు నుంచే పది నిమిషాలు, పావుగంట ఒంటరిగా వదిలి అలవాటు చేయండి. లాబ్రడార్ పది పన్నెండేళ్లు బతుకుతుంది. అప్పటికి మీలో చాలామందికి పెళ్లిళ్లయిపోతాయి!

నన్నడిగితే పండగ హడావిడి సద్దుమణిగాక, ఓ మామూలు సోమవారం మంచిది. మన వీధిలో పుట్టిన పిల్లయితే మరీ మంచిది.

మేనల్లుడిప్పుడు ఇంటర్, హాస్టల్లో ఉన్నాడు. ఈ సంక్రాంతికి మావాళ్లంతా ఊరెళ్తున్నారు. నేను వెళ్లడం లేదు. కారణం నా మంచం కింద పడుకుని గుర్రుపెడుతోంది.