బ్యాటరీ పనిముట్ల ఎంపిక: గమనించవలసిన అంశాలు

తోటల్లో కొమ్మలు కత్తిరించే రంపం, ఇంట్లో వాడే డ్రిల్లు వంటి బ్యాటరీ పనిముట్లను వోల్టేజీ చూసి మాత్రమే ఎంచుకొనరాదు. ఒక లిథియం అయాన్ విద్యుద్ఘటపు సగటు వోల్టేజీ 3.6. ఐదు ఘటాలను శ్రేణిలో కలిపితే 18 వోల్టులు; పూర్తి ఛార్జితో ఇది 20 దాటుతుంది. కనుక 18, 20 వోల్టులుగా అమ్మేవి సాధారణంగా ఒకే తరగతివి. వోల్టులను ఆంపియర్-గంటలతో గుణించగా వచ్చే వాట్-గంటలే బ్యాటరీలోని శక్తిని తెలుపుతాయి. 18 వోల్టుల బ్యాటరీ 2 ఆంపియర్-గంటలదైతే 36, 4 అయితే 72 వాట్-గంటలు.

45 డిగ్రీల సెల్సియస్ మించిన వేడిలో ఛార్జి చేయరాదు; వేసవిలో రేకుల షెడ్డులో నిల్వ ఉంచినా బ్యాటరీ త్వరగా క్షీణిస్తుంది. సాధారణంగా పనిముట్టు కన్నా బ్యాటరీయే ముందు పాడవుతుంది. ఒక సంస్థ బ్యాటరీ మరొక సంస్థ పనిముట్టుకు చాలావరకు అమరదు. అందువలన విడి బ్యాటరీ ధర, స్థానిక లభ్యత తెలుసుకొన్న పిదపనే రైతుకు సిఫారసు చేయాలి.