ప్రశ్నార్థకాలైన మన పేర్లు: కంప్యూటర్‌లో ఎక్కించిన తెలుగు చెడిపోతే ఏం చేయాలి?

ఈ ఉగాదికి ఆహ్వానాలు పంపుదామని మా సంఘం సభ్యుల జాబితాను కొత్త కంప్యూటర్‌లో ముద్రించి చూశాము. కొన్ని ఇళ్ళ పేర్లు ఉండాల్సిన చోట వరుసగా ప్రశ్నార్థకాలు. మరికొన్ని చోట్ల అర్థంకాని పిచ్చిరాత. అంతకు కొద్దిరోజుల ముందే, అంతా కంప్యూటర్‌లో ఎక్కింది కదా, చిరిగిన పాత పుస్తకాన్ని తీసేద్దామని సమావేశంలో మాట వచ్చింది. అదృష్టవశాత్తు ఎవరూ తీయలేదు.

ఇది చిన్న విషయం కాదు. మన పిల్లల బడి పత్రాల్లో పేర్లు ఇంగ్లీషులోనో, ఉంటున్న రాష్ట్రం భాషలోనో ఉంటాయి. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. ఇంగ్లీషులో రాస్తే ల, ళ తేడా పోతుంది. హోసూరులోగానీ బళ్ళారి, బరంపురం, షోలాపూర్‌లలోగానీ చాలా ఇళ్ళ ఇంటిపేరు సరైన తెలుగు అక్షరాల్లో మిగిలింది సంఘాల పుస్తకాల్లోనే.

అసలు ఏమి జరిగింది? కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఏ అక్షరానికి ఏ అంకెలో చెప్పే పద్ధతులు కొన్ని ఉన్నాయి. ఇప్పుడు అందరూ వాడేది యూనికోడ్, దాన్ని దాచే తీరు యూటీఎఫ్-8. ఇందులో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు అంకెల కట్ట ఉంటుంది. 'క' అంటే 224, 176, 149. ఒత్తు, గుడి కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి 'లక్ష్మి' అనే పేరుకు 7 గుర్తులు, 21 అంకెలు. పాత పద్ధతి లాటిన్-1. అందులో ఒక అంకెకు ఒక అక్షరమే, అవీ పడమటి దేశాల అక్షరాలే. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో 2018లో 8.0 వచ్చేదాకా, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే పట్టికలు లాటిన్-1లోనే తయారయ్యేవి. మా పట్టికా అలాంటిదే.

ఇక జబ్బులు రెండు. రెండింటికీ మందు ఒకటి కాదు.

మొదటిది పిచ్చిరాత. మా ఆఫీసు కంప్యూటర్‌లోని పాత ప్రోగ్రాం యూటీఎఫ్-8 అంకెలు పంపుతూ, డేటాబేస్‌కు మాత్రం లాటిన్-1 అని చెప్పింది. డేటాబేస్ నమ్మి ఉన్నవి ఉన్నట్టు దాచింది. అదే ప్రోగ్రాంలో చూసినంత కాలం తెలుగు చక్కగానే కనిపించింది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. కొత్త ప్రోగ్రాంతో తెరిచేసరికి 'క' కాస్తా నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు 'ఎ', డిగ్రీ సున్న, ఒక నల్లచుక్కగా విడిపోయింది. తెలుగు గుర్తులన్నీ 224తోనే మొదలవుతాయి. కాబట్టి ఆ గీత 'ఎ' మాటిమాటికీ కనిపిస్తుంటే గాబరా వద్దు. చాలావరకు మీ తెలుగు లోపల భద్రంగానే ఉంది, చదివే తీరే తప్పు.

రెండోది ప్రశ్నార్థకాలు. ఫోను ఫారం ద్వారా వచ్చిన పేర్లను ఆ ప్రోగ్రాం యూటీఎఫ్-8 అని నిజమే చెప్పి పంపింది. డేటాబేస్ వాటిని లాటిన్-1లోకి మార్చబోయింది. అక్కడ తెలుగుకు చోటే లేదు కనుక ఒక్కో గుర్తుకు ఒక ప్రశ్నార్థకం పెట్టి అసలు అంకెలను వదిలేసింది. ఇవి ఏ నిపుణుడు వచ్చినా తిరిగి రావు. పాత నకలు ఉంటే అందులోంచి, లేదా కాగితం చూసి మళ్ళీ ఎక్కించాల్సిందే.

పిచ్చిరాతకు మందు ఇది. ముందు మొత్తం డేటాబేస్‌కు నకలు తీసి, ఆ నకలు మీదే ప్రయత్నించాలి. పట్టికను నేరుగా యూటీఎఫ్-8కి మార్చమని ఆజ్ఞ ఇవ్వకూడదు. అలా ఇస్తే గీత 'ఎ'నే అసలు అక్షరమనుకుని మార్చేస్తుంది, చిక్కు రెండింతలవుతుంది. ముందు ఆ గడిని బైనరీ రకానికి, అంటే అక్షరాల సంగతి పట్టించుకోని ఉత్త అంకెల రకానికి మార్చాలి. తరువాత దాన్ని యూటీఎఫ్8ఎంబీ4 అక్షరాల రకానికి మార్చాలి. మా పిచ్చిరాత పేర్లన్నీ ఇలాగే తిరిగి వచ్చాయి.

మళ్ళీ రాకుండా మూడుచోట్ల ఒకే పద్ధతి ఉండాలి: పట్టికలో, ప్రోగ్రాంకూ డేటాబేస్‌కూ మధ్య సంబంధంలో, చూపించే పేజీలో లేదా ఫైలులో. ఒక్కచోట తేడా వచ్చినా కథ మొదటికే. మైఎస్‌క్యూఎల్‌లో ఉత్త 'యూటీఎఫ్8' అని ఉన్నది గుర్తుకు మూడు అంకెలదాకానే పడుతుంది. తెలుగుకు చాలుతుందిగానీ, పిల్లలు పంపే నవ్వు బొమ్మలకు నాలుగు కావాలి. అందుకే 'ఎంబీ4' ఉన్నదే అడగండి. ఎక్సెల్ నుంచి సీఎస్‌వీ ఫైలుగా దాచేటప్పుడు కూడా యూటీఎఫ్-8 అని ఉన్న రకాన్నే ఎంచుకోవాలి.

ఈ పని చేసే కుర్రవాళ్ళకు తెలుగు చదవడం రాకపోవచ్చు. తప్పు పడినా వాళ్ళకు కనిపించదు, చూడాల్సింది మనమే. వంద పేర్లు ఎక్కించేముందు ఒక్క పేరు ఎక్కించి, వేరే యంత్రంలో వేరే ప్రోగ్రాంతో తెరిచి, పైకి చదివి చూడండి. సరిగా ఉంటేనే రెండో పేరు.

ప్రశ్నార్థకాలైన పేర్లను ఇప్పుడు మేము ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ రాసుకుంటున్నాము. పాత పుస్తకంలో ఉన్నవి తేలికగానే దొరికాయి. ఫోనులో మాత్రమే నమోదైన కొన్ని ఇళ్ళలో, ఇంటిపేరులో ల రాయాలో ళ రాయాలో చెప్పగల పెద్దలు ఇప్పుడు లేరు. కాబట్టి మీ సంఘం పాత పుస్తకాన్ని దయచేసి పారేయకండి.