హాప్స్ కొనుగోలులో చూడవలసింది తూకం కాదు, చేదు

వారాసిగూడ: పసుపు, మిర్చి నిల్వలో ఆరితేరిన వర్తకులకు సైతం హాప్స్ కొత్త సరుకే. బీరుకు చేదును, వాసనను ఇచ్చే తీగపూలివి. తెలంగాణలో 2015లో మైక్రోబ్రూవరీ నిబంధనలు వెలువడిన తరువాత హైదరాబాదులో వీటికి చిన్న కొనుగోలుదార్లు ఏర్పడ్డారు. పెద్ద గిరాకీ మాత్రం సంగారెడ్డి జిల్లాలోని బీరు ఫ్యాక్టరీలదే. హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో కొద్దిపాటి పంట వున్నా, సరుకు ముఖ్యంగా జర్మనీ, అమెరికాల నుండి దిగుమతి కావలసిందే.

ఈ సరుకు విలువ బరువులో లేదు. పూరేకుల మొదట అంటుకుని వుండే పసుపుపచ్చని జిగురు పొడిలో వున్నది. అందులోని ఆల్ఫా ఆమ్లాలే చేదుకు మూలం. 5 శాతం ఆల్ఫా గల సరుకు 2 కిలోలు ఇచ్చే చేదును 10 శాతం సరుకు ఒక్క కిలోయే ఇస్తుంది. కనుక కిలో ధర కాక, ఆల్ఫా శాతం మీద లెక్కకట్టిన ధరనే పోల్చుకోవాలి. చెక్ దేశపు సాజ్ వంటి రకాలకు ఈ లెక్క వర్తించదు. వాటికి పలికే ధర పరిమళానిది.

అసలు నష్టం నిల్వలో వున్నది. వేడి, గాలి, వెలుతురు తగిలితే ఆల్ఫా తరిగిపోతుంది. 20 డిగ్రీల వద్ద ఆరు నెలలుంచితే మాగ్నమ్ రకంలో దాదాపు 80 శాతం ఆల్ఫా నిలుస్తుంది. కాస్కేడ్ రకంలో నిలిచేది దాదాపు సగమే. హైదరాబాదు వేసవిలో 40 డిగ్రీల ఎండకు కాగే రేకుల గోదాములో పెడితే సంగతి చెప్పనక్కరలేదు. తూకం తగ్గదు, సరుకు మాత్రం ఖాళీ అవుతుంది. అందుచేత సరుకు పట్టివుంచి, ధర పెరిగే వరకు ఆగే పద్ధతి ఇందులో చెల్లదు.

గాలి తీసి సీలు వేసిన రేకు ప్యాకెట్లను విప్పకుండా, సున్నా డిగ్రీల వద్ద గాని అంతకు దిగువన గాని వుంచాలి. పూలకంటె, పొడిచేసి అచ్చువేసిన గుళికలకు చోటు తక్కువ పడుతుంది, నిల్వా ఎక్కువే.

ఉత్తరార్ధగోళంలో కోత ఆగస్టు, సెప్టెంబరు మాసాలలో జరుగుతుంది. ప్యాకెట్టుపై పంట సంవత్సరం, ఆల్ఫా శాతం చూడకుండా బేరం కుదుర్చుకోరాదు. నమూనాను అరచేత నలిపి చూడాలి. పచ్చని రంగు, జిగురు, ఘాటు వాసన మంచి సరుకు లక్షణాలు. గోధుమ రంగుకు తిరిగి, పాత జున్ను కంపు కొడితే వదులుకోవడమే మేలు.

అమెరికాలో వలె ఇంటి బీరు తయారీదార్లకు చిల్లరగా అమ్ముకోవచ్చునన్న ఆశ ఇక్కడ తగదు. లైసెన్సు లేని తయారీ ఎక్సైజు చట్టం కింద నేరం. కనుక లైసెన్సుదార్ల ఆర్డరు చేతికి వచ్చాకనే, వారి అవసరం మేరకే సరుకు తెప్పించుకోవడం క్షేమం.