పాఠ్య సంగ్రహణ స్క్రిప్టు

పాఠ్య సంగ్రహణ స్క్రిప్టు అనగా కంప్యూటరు ఫైళ్ళలోని పాఠ్యం నుండి కావలసిన భాగాలను మాత్రమే వెలికితీసి, వేరొక ఫైలులో భద్రపరచే చిన్న ప్రోగ్రాము. వందలాది ఫైళ్ళను ఒక్కొక్కటిగా తెరచి, వెతికి, నకలు తీయవలసిన శ్రమను ఇది తగ్గిస్తుంది. నిఘంటు నిర్మాణంలోను, పాత రచనలను తిరిగి వాడుకలోకి తేవడంలోను దీని ఉపయోగం ఎక్కువ. అయితే తెలుగు పాఠ్యం విషయంలో తగు జాగ్రత్త తీసుకోకపోతే, స్క్రిప్టు ఏ దోషసందేశమూ చూపకుండానే తప్పు ఫలితాలను ఇవ్వగలదు.

చరిత్ర

1977లో బెల్ ప్రయోగశాలలలో ఆహో, వైన్‌బర్గర్, కెర్నిఘన్ అనే ముగ్గురు ఇటువంటి పనుల కొరకు 'ఆక్' అనే భాషను రూపొందించారు. వారి ఇంటిపేర్ల మొదటి అక్షరాలే దాని పేరు. 1987లో లారీ వాల్ పెర్ల్ భాషను, 1991లో గైడో వాన్ రోసమ్ పైథాన్ భాషను విడుదల చేశారు.

పనిచేసే విధానం

స్క్రిప్టు సాధారణంగా నాలుగు దశలలో పనిచేస్తుంది.

1. ఫోల్డరులోని ఫైళ్ళ పట్టికను తయారు చేయడం.
2. ప్రతి ఫైలును దాని ఎన్‌కోడింగు ప్రకారం చదవడం.
3. ఇచ్చిన నమూనాకు సరిపోయే భాగాలను గుర్తించడం.
4. ఫలితాలను కొత్త ఫైలులో వ్రాయడం.

రెండవ దశ ఫైలు రకాన్ని బట్టి మారుతుంది. సాదా పాఠ్యపు ఫైలును నేరుగా చదవవచ్చు. డాక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ పొట్లం. అందులోని ఎక్స్ఎమ్ఎల్ ఫైలులో పాఠ్యం ఉంటుంది. పీడీఎఫ్‌లో ప్రధానంగా అక్షరాల ఆకారాలు, పుటలో వాటి స్థానాలు నమోదై ఉంటాయి కనుక పదాల వరుస తారుమారు కావచ్చు. స్కాన్ చేసిన పుటలు కేవలం బొమ్మలు. వాటికి టెసెరాక్ట్ వంటి అక్షర గుర్తింపు సాధనం అవసరం.

తెలుగులో ఎదురయ్యే సమస్యలు

యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయించబడ్డాయి. యూటీఎఫ్-8 ఎన్‌కోడింగులో వీటిలో ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. 'తెలుగు' అనే పదంలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిపి ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు ఉంటాయి.

యూనికోడ్‌కు ముందటి ఫాంట్లలో తెలుగు ఆకారాలను ఆంగ్లాక్షరాల సంకేతాలపై అమర్చేవారు. అటువంటి ఫైలు నుండి వెలికితీసిన పాఠ్యం అర్థంలేని ఆంగ్లాక్షరాలుగా కనిపిస్తుంది. ఆ ఫాంటుకు తగిన మార్పిడి పట్టిక లేనిదే దానిని చదవడం కష్టం.

పైథాన్‌లోని ప్రామాణిక నమూనా గ్రంథాలయంలో 'పదాక్షరం' అనే గుర్తు తెలుగు గుణింతాలను, పొల్లును లెక్కలోకి తీసుకోదు. దానితో వెతికితే 'తెలుగు' అనే ఒకే పదం త, ల, గ అనే మూడు ముక్కలవుతుంది. అందుచేత పైన చెప్పిన 128 స్థానాల పరిధిని నమూనాలో నేరుగా ఇవ్వడం మేలు. అప్పుడు కూడా కంటికి కనిపించని విడదీత గుర్తును (స్థానం 8204) విడిగా చేర్చాలి. అది ఆ పరిధికి బయట ఉంటుంది. దానిని తొలగిస్తే 'సాఫ్ట్‌వేర్' అన్నది 'సాఫ్ట్వేర్'గా మారిపోతుంది.

ఫలితాలను భద్రపరచడం

ఫైలును వ్రాసే రీతిలో తెరచిన వెంటనే అందులోని పాత సమాచారం చెరిగిపోతుంది. కనుక ఫలితాలను మూల ఫైలు పేరుతో ఎన్నడూ భద్రపరచరాదు. వ్రాసేటప్పుడు యూటీఎఫ్-8 అని స్పష్టంగా తెలపాలి. ప్రతి ఫలితం ప్రక్కన మూల ఫైలు పేరు, పంక్తి సంఖ్య ఉంటే తరువాత సరిచూడడం సులభం. చదవలేకపోయిన ఫైళ్ళను వదలివేయక, వాటి పేర్లను వేరొక పట్టికలో నమోదు చేయాలి. లేనిచో ఏ పాఠ్యం జారిపోయిందో తెలిసే అవకాశం ఉండదు. మొత్తం ఫైళ్ళపై నడిపే ముందు, కొన్ని ఫైళ్ళ ఫలితాలను మూలంతో పోల్చి చూడడం అవసరం.