రామప్ప శిఖరానికో తేలిక దిమ్మ

సౌదీ అరేబియాలోని హఫర్ అల్ బాతిన్ చుట్టూ ఎడారే. ఆ ఎడారిలో 1970ల చివర్లోనూ 80ల్లోనూ కింగ్ ఖాలిద్ మిలిటరీ సిటీ లేచింది. అమెరికా సైన్యపు ఇంజనీర్ల ఆధ్వర్యంలో అక్కడే కర్మాగారం పెట్టి, గోడలూ స్లాబులూ అచ్చుపోసి బిగించారు. అదంతా మామూలు కాంక్రీటు: ఘనమీటరుకు దాదాపు 2,400 కిలోలు. ఇప్పుడు సౌదీ ఇళ్ల గోడల్లో కనిపించే తేలిక దిమ్మ అదే పరిమాణంలో 600 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. నీళ్లలో వేస్తే తేలుతుంది. మేస్త్రీ దాన్ని చేతి రంపంతో కోసేస్తాడు. లోపలి గాలి బుడగలు ఎండ వేడిని అంత త్వరగా లోపలికి రానివ్వవు.

ఈ దిమ్మ పుట్టింది మాత్రం చలిదేశంలో. కలపలా తేలిగ్గా, కోతకు లొంగుతూ, కాలని, పుచ్చని సరుకు కోసం వెతికిన స్వీడన్ ఆర్కిటెక్ట్ యోహాన్ ఆక్సెల్ ఎరిక్సన్ 1920ల్లో దీన్ని సాధించాడు. సున్నం, మెత్తటి ఇసుక, నీళ్లు కలిపిన జారులో చిటికెడు అల్యూమినియం పొడి వేస్తే హైడ్రోజన్ పుట్టి, ముద్ద ఇడ్లీ పిండిలా పొంగుతుంది. గట్టిపడుతుండగా తీగలతో కోసి, ఒత్తిడి ఆవిరిలో సుమారు 180 డిగ్రీల వేడి దగ్గర గంటల తరబడి ఉడికిస్తారు. ఇప్పుడు సిమెంటు కూడా కలుపుతున్నారు.

తేలికదనం కోసం వెతుకులాట మనకు కొత్త కాదు. పాలంపేటలో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి శిఖరంలో నీటిపై తేలే ఇటుకలున్నాయి. పునాదిలో ఇసుక, దాని పైన రాయి, నెత్తిన తేలిక ఇటుక. శిఖరం బరువు తగ్గాలన్నది స్థపతి లెక్క కాబోలు. రోములో పాంథియాన్ గుమ్మటం పైభాగంలోనూ నురగరాయి కలిపిన కాంక్రీటే వాడారు.

మరి రామప్ప గుడి మొత్తాన్నీ ఎరిక్సన్ దిమ్మతో కడితే? లారీల ఖర్చు కలిసొస్తుంది, గుడి మీది మదనిక అనే నర్తకి బొమ్మను నెలల బదులు రోజుల్లో చెక్కొచ్చు. కానీ నల్లరాతిలో సన్నటి దారం దూరేంత రంధ్రాలు తొలిచిన పనితనం ఈ బుడగల సరుకులో నిలవదు, అంచు వేలితో నలిపినా రాలుతుంది. వాన నీళ్లను పీల్చుకుంటుంది కూడా. పైకప్పు దూలాలకైతే ఇనుము పెట్టక తప్పదు, చెమ్మ తగిలిన ఇనుము తుప్పు పడుతుంది. కాబట్టి ఈ దిమ్మ రుద్రుడి చేతికి అంది ఉంటే, గట్టి పూత వేయించి శిఖరానికి మాత్రమే ఎక్కించేవాడు. స్తంభాలకు మళ్లీ ఆ నల్లరాయినే తెప్పించేవాడు.